నిండుకుంది

మా దేశంలో పన్నెండేళ్లపాటు ఎవరూ ఎవరికీ "వద్దు" అని చెప్పలేదు. మేమంతా అంత మంచివాళ్లమని అనుకోకండి. చెప్పినా వినబడేది కాదు, అంతే.

మాది గవ్వల దీవులు. పటంలో వెతికితే సముద్రం మీద ఈగ వాలినంత చోటు. కొబ్బరి తోటల్లో పనికోసం దొరలు మా ముత్తాతలను కళింగపట్నం, బారువ రేవుల్లో ఓడలెక్కించి తెచ్చి ఇక్కడ దించారు. ముప్పయ్యేళ్ల కిందట ఆ దొరలు వెళ్లిపోయారు. ఆ తరువాత పదకొండేళ్లు మమ్మల్ని మేమే ఏలుకున్నాం. పొద్దున లేస్తే పోట్లాటలేనట, కానీ పోట్లాడుకుంటూనే రెండు ఆసుపత్రులూ ఒక ఓడరేవూ కట్టుకున్నాం. ఒకరోజు ఉదయం సర్వసేనాని సింగన్నగారు రేడియోలోకి వచ్చి, ఈ పోట్లాటలు దేశానికి అరిష్టమనీ, వాటిని మాన్పించడానికే తాను గద్దె ఎక్కుతున్నాననీ చెప్పారు. అప్పటికి నాకు ఐదేళ్లు. నాకు గుర్తున్నదల్లా ఆ రోజు బడి లేదని సంతోషించడమే.

మా నాన్న నూకరాజు రేడియో కేంద్రంలో ధ్వని ఇంజనీరు. అమ్మ నా పసితనంలోనే పోవడంతో మామ్మా తాతా నన్ను పెంచారు. మామ్మ పేరు సన్యాసమ్మ. కొబ్బరిపీచు మిల్లులో ఇరవై ఏళ్లు పనిచేసి, ఎడమ చెవిని సగం అక్కడే వదిలేసి వచ్చింది. ఆ మిల్లులో మోత అలాంటిది. నలభై దాటిన ఆడవాళ్లెవరికీ సరిగ్గా వినబడేది కాదు. తల్లిని చూసి చూసి నాన్న ఒక యంత్రం తయారు చేశాడు.

దాన్ని మొదటిసారి నడిపిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. నాకు పదేళ్లు. మిల్లులో నాన్న పక్కన నిలబడితే నా పళ్లు కూడా అదురుతున్నాయి. నాన్న ఒక నల్లటి పెట్టె మీద మీట నొక్కాడు. మోత ఆగిపోయింది! చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, పీచు ఎగురుతూనే ఉంది, చప్పుడు మాత్రం లేదు. ఆ నిశ్శబ్దంలో మూలనుంచి ఒక పాట వినబడింది. గైరమ్మ అనే ఆవిడ పని చేస్తూ పాడుకుంటోంది. ఆవిడ పదిహేనేళ్లుగా రోజూ అలాగే పాడుతోందట. పక్కన కూచున్నవాళ్లకు కూడా ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

"ఎలాగ ఆగిపోయింది నాన్నా?" అని అడిగాను.

"ప్రతి సప్పుడూ ఒక అలే, పోలీ. దానికి సరిగ్గా తలకిందులుగా ఉన్న అలని ఎదురుగా తోల్తే రెండూ కొట్టుకుని పడిపోతాయి. ఒకడు 'పద' అని లాగి, ఇంకొకడు 'ఆగు' అని లాగితే ఇద్దరూ ఉన్నకాడే ఉంటారు సూడు, అలాగన్నమాట" అన్నాడు నాన్న.

మామ్మ కొడుకు బుగ్గలు పుణికి, అందరిముందూ మెటికలు విరిచింది. నా జీవితంలో నాన్నను అంత సంతోషంగా మళ్లీ చూడటానికి పద్నాలుగేళ్లు పట్టింది.

ఎందుకంటే ఆ రోజు మిల్లు చూడటానికి ఒక సైనికాధికారి కూడా వచ్చాడు. చప్పుడును మింగే యంత్రం ఒక మాటను మింగగలదా అని ఆయనకు సందేహం కలిగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. మా దేశంలో అది అక్షరాలా జరిగింది.

రెండేళ్లలో వీధి వీధికీ ఇనప స్తంభాలు లేచాయి. ప్రభుత్వం వాటికి పెట్టిన పేరు మంగళ స్తంభాలు. మేం మింగుడు స్తంభాలనేవాళ్లం. ప్రతి స్తంభానికీ ఒక బోర్డు: "నోరు మంచిదైతే ఊరు మంచిది." మింగవలసిన మాటల జాబితా సేనాని భవనంలో ఉండేది. కాదు, లేదు, వద్దు. మా రేవు మనుషులం లేదును నేదంటాం, వద్దును ఒద్దంటాం కాబట్టి అవి కూడా చేర్పించారు. యంత్రం చేసింది నాన్నే, కానీ దాని గది తాళం మాత్రం వాళ్లదగ్గర. ఆ పనికి రానని చెబితే జైలు. ఇంట్లో నేనూ, ముసలివాళ్లూ.

మొదటి మూడు నెలలూ యంత్రం సరిగ్గా కుదరక వద్దుతో పాటు ఎద్దును, పొద్దును, ముద్దును కూడా మింగేసింది. రైతులు ఎద్దు తప్పిపోయిందని చెప్పుకోలేకపోయారు. పెళ్లికాని జంటలు ముద్దు అడగలేక అడక్కుండానే ఇచ్చుకున్నారట. అది సర్దుకున్నాక కూడా తిప్పలు తప్పలేదు. "ఉత్తరం రాలేదు" అంటే "ఉత్తరం రా" అని వినబడేది. విస్తట్లో వడ్డిస్తుంటే వద్దనడానికి వీల్లేక దేశమంతా లావెక్కింది. ఒకసారి సేనాని భవనం ముందు జనం "చాలు, చాలు" అని కేకలేశారు. మర్నాటి నుంచి చాలు కూడా జాబితాలో చేరింది. యంత్రం పట్టుకోలేని "రాను", "ఇవ్వను" లాంటివాటిని పోలీసులు పట్టుకునేవారు. మా బడిలో సోంబాబు మాష్టారు వ్యతిరేక క్రియల పాఠం చెప్పినందుకు మూడేళ్లు జైల్లో ఉన్నారు. వ్యాకరణం చెప్పి జైలుకెళ్లిన మనిషి ప్రపంచంలో ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

స్తంభాలు వచ్చిన మరుసటి ఏడు మా తాత అప్పలసూరి పోయాడు. పాత రేవు మీద చెక్కలు చెదలు తినేసి ఉన్నాయి. తాత వల భుజాన వేసుకుని వస్తున్నాడు. గట్టుమీద నిలబడ్డ మామ్మ ఆ విరిగిన చెక్కను చూసి "ఒద్దు, ఒద్దు" అని అరిచింది. రేవు స్తంభం ఆ మాటను మింగేసింది. మామ్మ నోరు కదలడం చూసి తాత, తనను భోజనానికి పిలుస్తోందనుకున్నాడు. నవ్వుతూ ఇంకా గబగబా నడిచాడు.

ఆ తరువాత మామ్మ మాట్లాడటం మానేసింది. ఏడవలేదు, తిట్టలేదు, నాన్నతో పోట్లాడలేదు. కావలసిన ఒక్క మాట పలకని నోటితో మిగతావి దేనికని అనుకుందేమో. వంట చేసేది, నా జడ వేసేది, నాన్న చొక్కాకు గుండీలు కుట్టేది. పదకొండేళ్లలో ఒక్క పలుకు లేదు. రోజూ మధ్యాహ్నం నాన్నే మామ్మకు వడ్డించేవాడు. "ఇంకొంచెం ఎయ్యనా, అమ్మా?" అనేవాడు. మామ్మ కంచానికి చెయ్యి అడ్డం పెట్టేది. అంతే వాళ్లిద్దరి సంభాషణ.

ఇక సేనానిగారి సంగతి. ఆయన మనిషి పెద్ద చెడ్డవాడేమీ కాదని కొందరంటారు. నేనలా అనను. కానీ ఆయనకు ఒక లోటుండేది. పదో ఏట సైనిక పాఠశాలలో చేర్చారు, అప్పటినుంచీ గంట కొడితే భోజనం. వంటింటి గడప ఎక్కిన మనిషి కాదు. తొమ్మిదేళ్ల కిందట పంటల పండుగ రోజున ఆయన రేడియోలో మాట్లాడుతూ గొంతు పెంచి ఇలా అన్నారు.

"నా పాలనలో ప్రతి ఇంటా బియ్యం నిండుకున్నాయి! నూనె నిండుకుంది! ప్రజల ఓర్పు నిండుకుంది!"

నిండుగా ఉన్నాయని ఆయన ఉద్దేశం. మా ఇళ్లల్లో బియ్యం అయిపోతే లేవనకూడదు, అశుభం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం, డబ్బా ఖాళీ అయితే నిండుకుందంటాం. ఆ సంగతి ఎరగని మనిషి దేశంలో ఆయనొక్కడే. ఆ సాయంత్రం దీవుల్లో నవ్వని ఇల్లు లేదు. నవ్వు జాబితాలో లేదు కదా! మంత్రులకు తెలిసే ఉంటుంది కానీ ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికుంది? పైగా ఆ వాక్యాన్ని గోడలనిండా రాయించారు.

అప్పటినుంచి మాకు ఒక మాట దొరికింది. పన్ను వసూలుకొచ్చిన వాడితో "నిండుకుంది బాబూ" అనేవాళ్లం. సైన్యంలో చేరడానికి పిల్లలున్నారా అని అడిగితే "కుర్రాళ్లు నిండుకున్నారు" అనేవాళ్లం. రేవు కూలీలు నలభై రోజులు సమ్మె చేసినప్పుడు, ఓడలెందుకు నింపడం లేదని అడిగిన అధికారికి వెయ్యిమంది ఒకే గొంతుతో "ఓపిక నిండుకుందండీ" అని జవాబిచ్చారు. ఆయన సంతోషించి పై అధికారికి అలాగే రాసి పంపాడు.

ఒకసారి న్యాయశాఖ చూస్తున్న కర్నల్ పట్టాభి నాన్నను పిలిచి, లేదు అనే అర్థం వచ్చే మాటలేవైనా మిగిలిపోయాయా అని అడిగాడు. నాన్న తలవంచుకుని, "ఉన్నవన్నీ ఎక్కించేశానండి" అన్నాడట.

"ఈ నిండుకోవడం సంగతేంటి?"

"అది శుభమైన మాటండి. పైగా సేనానిగారి స్వంత మాట."

ఆ విషయం నాకు చెబుతూ నాన్న మొదటిసారి కొంచెం నవ్వాడు. మామ్మ చేటలో బియ్యం ఏరుతూ వింటోంది. చేట ఒక్క క్షణం ఆగింది, మళ్లీ కదిలింది.

సమ్మె తరువాత చుట్టుపక్కల దేశాలు మా ఓడలను రానివ్వబోమన్నాయి. జనం అభిప్రాయం అడగాల్సిందేనన్నాయి. సేనానిగారు వెంటనే ఒప్పుకోవడం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. తరువాత ఆయన షరతు తెలిసింది. కాగితం మీద ఓటు దొరల అలవాటట. తోటల్లో మా ముత్తాతలు మేస్త్రీని ఎన్నుకునేటప్పుడు ఒక్కొక్కరే లేచి నోటితో చెప్పేవారు. దాన్ని కేక ఓటంటారు. మన సంప్రదాయం ప్రకారం అదే పెడదామన్నారు. ప్రశ్న ఒక్కటే: సైనిక పాలన మరో పదేళ్లు కొనసాగాలా? ఔను అనాలి, లేదా కాదు అనాలి. ఒక పెట్టె ముందు నిలబడి, గట్టిగా!

ఇక కాదు ఎలా అంటాం?

ఓటింగు చూడటానికి ఒక చలిదేశం నుంచి ఇంగ్రిడ్ గారనే ఆవిడ వచ్చారు. తెల్లజుట్టు, ఎర్రటి ముక్కు, చంకలో ఒక లావుపాటి పాత నిఘంటువు. మా భాషంతా దాంట్లోనే నేర్చుకున్నారు. వచ్చిన రోజున మర్యాదకోసం కొబ్బరిబోండాలిచ్చారు. ఆవిడ రెండు తాగి మూడోదానికి వద్దన్నారు. వినబడలేదు. ఏడు తాగాక, "నా ఉదరము పగులుచున్నది" అన్నారు. అప్పుడు గానీ ఆపలేదు. స్తంభాల సంగతి ఆవిడకు పుస్తకాలకంటే కడుపే బాగా చెప్పిందని నేననుకుంటాను. మర్నాడు నియమాల్లో ఒక వాక్యం చేర్పించారు: అర్థం స్పష్టంగా ఉంటే ఏ మాటతో చెప్పినా ఓటు చెల్లుతుంది. జనం తనను రకరకాలుగా పొగుడుతారేమోనని సేనానిగారు దానికీ సరేనన్నారు.

అప్పటికి నేను కూడా రేడియో కేంద్రంలో నాన్న దగ్గరే పనిచేస్తున్నాను. ఓటింగుకు ముందు రోజు ఇద్దరం ఓట్లు వినే కేకపెట్టెలకు తీగలు కలుపుతున్నాం. నాన్న చేతులు ఆగిపోయాయి.

"ఈ ఓటు పోతే మళ్లీ పదేళ్లు, పోలీ. అమ్మకి డెబ్బై నాలుగు" అన్నాడు. "అమ్మ గొంతు ఎలాగుంటాదో మరిచిపోతన్నాను. సచ్చీలోగా ఒక్కపాలి ఇంటే..."

చివరి మాటను స్తంభం మింగేసింది. చాలు అన్నాడని పెదవులు చూసి తెలుసుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. తీగ చుట్ట వెతుకుతున్నట్టు వంగి మొహం దాచుకున్నాను.

ఓటు రోజున రాజధాని కొత్తరేవు మైదానంలో జనం బారులు తీరారు. పెట్టె దగ్గర సాంకేతిక పని నాది కాబట్టి నేను దాని చుట్టూ కట్టిన తెర లోపలే ఉన్నాను, ఇంగ్రిడ్ గారి పక్కన. మొదట వచ్చింది సోంబాబు మాష్టారు. పెట్టె ముందు నిలబడి, గొంతు సవరించుకుని, పద్యం మొదలుపెట్టినట్టుగా అన్నారు: "నిండుకుంది!"

ఆయన తరువాత మిల్లు ఆడవాళ్లు, రేవు కూలీలు, బడి పంతుళ్లు. నిండుకుంది. నిండుకుందమ్మా. ఎప్పుడో నిండుకుంది. ఒకావిడ "మా ఇంట్లో నిండుకుంది, పక్కింట్లో నిండుకుంది, మీకూ నిండుకుంది" అని దీవించినట్టుగా చెప్పి వెళ్లింది. ఇంగ్రిడ్ గారు నిఘంటువు తిప్పుతూ నావైపు చూశారు.

"ఈ పదమునకు అర్థమేమి?"

నేను పెట్టె దగ్గర ఉద్యోగిని. నోరు విప్పితే ఆ ఓట్లన్నీ చెల్లకుండా చేయడానికి కర్నల్ పట్టాభి బయట కాచుకుని ఉన్నాడు. అందుకని బొమ్మలా నిలబడ్డాను.

పదకొండు గంటలకు మామ్మ వచ్చింది. కొంగు చాటున ఏదో దాచింది. పెట్టె ముందు నిలబడి నన్ను చూసింది, ఇంగ్రిడ్ గారిని చూసింది. ఇప్పుడైనా నోరు తెరుస్తుందా?

తెరవలేదు. కొంగు కిందనుంచి ఇత్తడి సోల తీసింది. మా ఇంట్లో రోజూ బియ్యం కొలిచే సోల అది. దాన్ని పెట్టె మీద బోర్లించి, అడుగున రెండుసార్లు తట్టింది. తరువాత ఎత్తి చూపించింది. ఒక్క గింజ కూడా రాలలేదు.

"నోటితో పలకవలెను, అమ్మా" అన్నారు ఇంగ్రిడ్ గారు మెల్లగా. మామ్మ తల అడ్డంగా ఊపి, సోల పట్టుకుని వెళ్లిపోయింది. నియమం ప్రకారం ఆ ఓటు చెల్లలేదు. అది చెల్లలేదని నేనే రాశాను. కానీ ఇంగ్రిడ్ గారు నిఘంటువు మూసేసి, ఆ పెట్టె మీద మామ్మ సోల బోర్లించిన చోటునే చాలాసేపు చూస్తూ కూచున్నారు.

మర్నాడు ఉదయం అదే మైదానంలో లెక్క చెప్పారు. వేదిక మీద సేనానిగారు, కర్నల్ పట్టాభి, ఇంగ్రిడ్ గారు. కింద జనం, చుట్టూ సిపాయిలు. నాన్నా నేనూ మైకుల దగ్గర. ఔను అన్నవాళ్లు ముప్పై ఒక్క వేలు. కాదు అని వినబడ్డవి సున్నా. నిండుకుంది అన్నవాళ్లు రెండు లక్షల పన్నెండు వేలు!

కర్నల్ పట్టాభి లేచి నిలబడ్డాడు. "నిండు అంటే పూర్ణం. నిండు కుండ, నిండు జాబిల్లి, నిండు నూరేళ్లు! ప్రజల మనసు సేనానిగారి మీది ప్రేమతో నిండుకుంది. ఇవన్నీ ఔను కిందికే వస్తాయి" అన్నాడు. ఆయన వాదన అబద్ధమని ఆయనకు తెలుసు. ఆయన తల్లి వంటింట్లో ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటుందో! సేనానిగారు మాత్రం నిజంగానే నమ్మి, కళ్లు చెమర్చగా జనానికి నమస్కారం పెట్టారు.

సోంబాబు మాష్టారు మండిపడుతూ లేచి నోరు తెరిచారు. ఆయన చెప్పదలుచుకున్న మొదటి మాటను స్తంభం మింగేసింది. మళ్లీ అన్నారు, మళ్లీ మింగింది. వ్యాకరణమంతా గొంతులో పెట్టుకుని, పాపం, ఆయన ఒడ్డున పడ్డ చేపలా నోరు కదుపుతూ నిలబడిపోయారు.

ఇంగ్రిడ్ గారు మైకు దగ్గరికి వచ్చారు. "నా నిఘంటువు కర్నల్ గారి పక్షము వహించుచున్నది. అయితే నిన్న ఒక వృద్ధురాలు నాకు ఒక పాత్రను చూపినది. కావున ఈ పదము వంటయింటిదని తోచుచున్నది. వంటయింటినే అడిగెదము" అన్నారు.

"ఏ వంటింటిని?" అన్నాడు కర్నల్ అనుమానంగా.

"సేనానిగారి వంటయింటిని. దానికంటె వారి పక్షము వహించు ఇల్లు వేరొకటి ఉండునా?"

సేనానిగారికి ఈ ఆలోచన ఎంతో నచ్చింది. కర్నల్ ఆయన మోచెయ్యి పట్టుకుని చెవిలో ఏదో గొణిగాడు కానీ ఆయన వినిపించుకోలేదు. ఫోన్ తెప్పించి, అందరికీ వినబడేలా మైకుకు కలపమని నాన్నను ఆదేశించారు. నాన్న అంత చురుగ్గా తీగలు కలపడం నేనెప్పుడూ చూడలేదు.

అవతల సేనానిగారి భార్య దాలమ్మగారు ఎత్తారు. ఇంగ్రిడ్ గారు చెప్పమన్న ఒక్క వాక్యాన్ని సేనానిగారు ఠీవిగా చెప్పారు.

"ఏమోయ్, బియ్యం నిండుకున్నాయి."

"అయ్యో రాత! నిండుకున్నాయా?" అన్నారు దాలమ్మగారు మైదానమంతా మోగేలా. "మొన్నే గదండీ మీ భవనానికి బస్తా పంపించాను! మీ సిపాయిలు తింటన్నారా, పారబోత్తన్నారా? ఉండండి, మిల్లుకి కబురెట్టి రెండు బస్తాలు తెప్పిత్తాను. ఈ పూటకి పక్కోరింట్లో రెండు సోలలు అడిగి సర్దేత్తాను."

సేనానిగారి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎటు పోవాలో దానికే తెలియనట్టుగా ఉంది.

"బస్తాలెందుకోయ్? నిండుకున్నాయంటే నిండుగా ఉన్నాయనే కదా?"

"డబ్బా బోర్లిత్తే గింజ రాలకపోతే అనే మాటండీ అది" అన్నారు ఆవిడ. తరువాత గొంతు తగ్గించి, "తొమ్మిదేళ్లనుంచీ మీరు రేడియోలో అలాగంటంటే నాకు సిగ్గేసి కట్టేత్తన్నాను" అన్నారు. అదీ మైకులో వినబడింది.

"తొమ్మిదేళ్లు! మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆయన నోటినుంచి వచ్చింది "చెప్ప" అని మాత్రమే. సొంత స్తంభమే ఆయన మాట తోక కొరికేసింది. కానీ దాలమ్మగారికి అర్థమైంది.

"ఎలాగ సెప్పమంటారు? మొగుణ్ని దిద్దాలంటే ఆడది ముందొక మాట అనాల. ఆ మాట మీరే మింగించేసినారు గదా!"

మొదట నవ్వింది వేదిక పక్కన తుపాకీ పట్టుకున్న ఒక సిపాయి. ఆపుకోవాలని చూశాడు పాపం, తుపాకీ గజగజ వణికింది. తరువాత వాడి పక్కవాడు. తరువాత మైదానం మొత్తం. కడుపులు పట్టుకుని, ఒకరి భుజాల మీద ఒకరు పడి నవ్వారు. నవ్వే సిపాయి చేత కాల్పించడం ఏ సేనానికీ సాధ్యం కాదు. అది ఆయనకూ తెలుసు. మెడలోంచి ఒక తాళంచెవి తీసి, తేలు కుట్టిన దొంగలా చప్పుడు చేయకుండా బల్ల మీద పెట్టి, టోపీ సర్దుకుని ఇంటికి నడిచి వెళ్లిపోయారు. ఇంటికెళ్లాక దాలమ్మగారు ఆయనకు ఏం వడ్డించారో తెలియదు.

ఆ తాళంచెవిని ఇంగ్రిడ్ గారు నాన్నకిచ్చారు. నాన్న సేనాని భవనంలోని గదికి పరుగెత్తాడు, వెనకే నేను. యాభై నాలుగేళ్ల మనిషి మెట్లు రెండేసి ఎక్కాడు. గదిలో మీట మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, కిందికి దించాడు.

కిటికీలోంచి ఊరు వినబడింది. కాదు! లేదు! ఒద్దు! జనం ఊరికే, ఎవరితోనూ సంబంధం లేకుండా, ఆ మాటలను గాలిలోకి విసిరి మళ్లీ పట్టుకుంటున్నారు. సోంబాబు మాష్టారు మైకు పట్టుకుని వ్యతిరేక క్రియల పాఠాన్ని పన్నెండేళ్ల కిందట ఆపిన చోటునుంచి మొదలుపెట్టారు. మా పక్కింటి ఏడేళ్ల పిల్ల బుల్లెమ్మ ఒద్దు అనే మాట వినడం అదే మొదటిసారి. దాని ఉపయోగం తెలిసిపోయాక స్నానం ఒద్దు, జడ ఒద్దు, బడి ఒద్దు అని రోజంతా వాళ్లమ్మను వేపుకు తింది. స్వాతంత్ర్యం అంటే ఇంత కష్టమని ఆవిడకు తెలియదట!

ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. మామ్మ వంట చేసి, పీట వాల్చి కూచుని ఉంది. వీధిలో గోలంతా వినబడుతూనే ఉంది కానీ ఆమె మొహంలో ఏమీ కనబడలేదు. నాన్న కాళ్లు కడుక్కొచ్చి, ఎప్పటిలాగే మామ్మ కంచంలో అన్నం పెట్టాడు, పప్పు వేశాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మామ్మ తన పాటికి తాను సగం తిన్నది. నాన్న గరిటెతో అన్నం తీసుకుని, పదకొండేళ్లుగా అడుగుతున్న మాటే అడిగాడు.

"ఇంకొంచెం ఎయ్యనా, అమ్మా?"

మామ్మ చెయ్యి అడ్డం పెట్టలేదు. చెయ్యి ఒళ్లోనే ఉంది. నాన్న వంక తలెత్తి చూసింది. గొంతులో ఏదో కదిలింది, తుప్పు పట్టిన గడియ తీసినట్టు కిర్రుమంది.

"ఒద్దు."

నాన్న గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మెతుకులు చాప మీద రాలుతున్నాయి. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నా తుడుచుకోవడం లేదు.

"ఒద్దంటే ఇనబడదేట్రా, నూకా?"

"ఇనబడిందమ్మా" అన్నాడు నాన్న. "ఇనబడింది."

అంటూనే ఆ గరిటెడన్నం మామ్మ కంచంలో వేసేశాడు. ఇంకొకసారి వినాలని.